ధమ్మ యాత్రికురాలు హేమమాల



జగిత్యాల బస్టాండులో పొద్దుగూకినంక బొంబాయి బస్సు కదిలేటప్పుడు మీరు ఎన్నోసార్లు నిలబడి ఉంటారు. తాడుతో బిగించి కట్టిన అట్టపెట్టె, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు, ఊరు. చుట్టూ ఇంటోళ్లు. ఆయన బస్సెక్కుతాడు, ఆమె చంటిపిల్లతో కింద నిలబడుతుంది. కోరుట్ల అయినా ఇదే, సిరిసిల్ల అయినా ఇదే. ఒకరు దుబాయికి, ఒకరు మస్కట్‌కు, సాంచాలు నడిపేటోళ్లు భీవండికి. తెల్లారి ఆమె మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించుకుంటూ కూర్చుంటుంది. ఇల్లు వదిలి పోవడం అంటే ఏమిటో మన ప్రాంతానికి ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

అందుకే ఈసారి మీకు ఇల్లు వదిలి పోయిన ఒక ఆడబిడ్డ జీవితం చెబుదామనుకున్నాను. ఆమె పేరు హేమమాల. కళింగ రాజు గుహశివుని కూతురు. పదహారు వందల ఏళ్ల కింద, నాలుగో శతాబ్దంలో, భర్తతో కలిసి నడిచి, ఓడ ఎక్కి, సముద్రం దాటి లంకకు పోయింది. పోతూ పోతూ బుద్ధ భగవానుని దంతధాతువును తన కొప్పులో దాచి తీసుకుపోయింది. శ్రీలంకలో ఏ బడిపిల్లను అడిగినా ఈమె కథ చెబుతుంది. ఆమె పుట్టిన నేల మనదే కావచ్చు, కానీ ఆమె పేరు మనలో ఎంతమందికి తెలుసు? నాకే ఆలస్యంగా తెలిసింది. బి.ఏ.లో చరిత్ర చదివిన నేను కళింగ యుద్ధం గురించి పేజీలకు పేజీలు రాశాను, ఈ పేరు మాత్రం ఒక్క పరీక్షలోనూ రాయలేదు.

ముందు ఆమె ఊరి సంగతి చూద్దాం. దీఘ నికాయంలో మహాగోవింద సుత్తం ఉంది. అందులో పాత కాలపు ఏడు రాజ్యాలు, వాటి రాజధానులు వరుసగా వస్తాయి. కళింగులకు దంతపురం, ఆ వెంటనే అస్సకులకు పోతన. పోతన అంటే మన పొరుగున ఉన్న బోధన్ అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అంటే హేమమాల ఊరు, మన పక్క ఊరు ఒకే గాథలో పక్కపక్కన కూర్చున్నాయి. ఇక దంతపురం ఎక్కడ అంటే ఒడిశా పండితులు పూరీ దగ్గరంటారు, పాలూరంటారు, బెంగాల్ వాళ్లు దాంతన్ అంటారు. మన తెలుగు నేల మీద శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి దగ్గర దంతపురం అనే ఊరు ఇప్పటికీ ఉంది. అక్కడ పాత మట్టికోట ఉంది, పురావస్తు శాఖ తవ్వితే బౌద్ధ ఆనవాళ్లు దొరికాయి. వంశధార ఒడ్డున శాలిహుండం స్తూపాలు, ఆ నది సముద్రంలో కలిసే చోట కళింగపట్నం రేవు, ఇవన్నీ ఆ చుట్టుపక్కలే. నా మనసు శ్రీకాకుళం వైపే మొగ్గుతుంది. దాని కోసం ఎవరితోనూ కొట్లాడను.

మనకు ఈ కథను పూర్తిగా చెప్పే పుస్తకం దాఠావంసం. 13వ శతాబ్దం మొదట్లో ధమ్మకిత్తి అనే థేరుడు లంకలో పాలి భాషలో రాసిన కావ్యం అది. కావ్యం గనక అందులో మహిమలు చాలా ఉంటాయి. బాబాసాహెబ్ మనకు ఏం నేర్పారు? బుద్ధుని పేరు మీద ఏది చెప్పినా అది బుద్ధికి, తర్కానికి నిలుస్తుందా అని చూడమన్నారు. కాబట్టి నేను మహిమను మహిమ అనే చెబుతాను. మీరు దాన్ని నమ్మాల్సిన పని లేదు. అట్లాగని మొత్తం కథనే పారేస్తే మాత్రం నష్టం మనకే.

కథ కుశినారలో మొదలవుతుంది. భగవానుని మహాపరినిబ్బానం తర్వాత చితి నుంచి ఒక దంతాన్ని ఖేమ థేరుడు తీసుకుని కళింగ రాజు బ్రహ్మదత్తునికి ఇచ్చాడట. ఆ దంతం వల్లే ఆ నగరానికి పేరు నిలిచింది. తరాలు గడిచాయి. గుహశివుడు రాజయ్యే నాటికి రాజు ఒక దారి, ప్రజలు ఒక దారి. ప్రజలు దంతధాతువుకు ఉత్సవం చేసుకుంటుంటే రాజు మేడ మీది నుంచి చూసి ఇదేం పండుగని మంత్రిని అడిగాడు. తన రాజ్యంలో తన జనం ఏం కొలుస్తున్నారో ఆయనకే తెలియదు! మంత్రి బుద్ధుని గురించి చెప్పాడు. రాజు విన్నాడు, శరణు పుచ్చుకున్నాడు. రాజు నుంచి జనానికి కాదు, జనం నుంచి రాజుకు చేరింది ధమ్మం. అశోకుని సంగతి చెప్పినంతగా ఇది మనం చెప్పుకోం.

రాజు మారేసరికి ఆయన ఇంతకుముందు ఆదరించిన నిగంఠులకు కోపం వచ్చింది, వాళ్లు పాటలీపుత్రంలో పాండు రాజు దగ్గరికి పోయి ఫిర్యాదు చేశారు, నువ్వు దేవుళ్లను కొలుస్తుంటే నీ సామంతుడు ఎవరిదో చచ్చినవాని ఎముకను కొలుస్తున్నాడని. ఇక్కడ ఒక మాట. నిగంఠులంటే జైనులు. ఇది బౌద్ధులు రాసిన పుస్తకం గనక జైనులు ఇందులో చెడ్డవాళ్లుగా కనిపిస్తారు. వాళ్లు రాసుకుంటే ఇంకో తీరుగా రాసుకునేవారు. దీన్ని పట్టుకుని ఈనాటి జైనుల మీద ఎవరూ మనసులో ఏమీ పెట్టుకోవద్దు.

పాండు రాజు సైన్యాన్ని పంపించి గుహశివుణ్ణీ, ఆ ధాతువునూ పాటలీపుత్రానికి రప్పించాడు. దంతాన్ని నిప్పుల గుండంలో వేయించాడు. దాగలి మీద పెట్టి సుత్తెతో కొట్టించాడు. బురద గుంటలో పడేయించాడు. ప్రతిసారీ ఏదో ఒక మహిమతో అది బయటపడిందని కావ్యం చెబుతుంది. తామర పూసిందనీ, దాగలిలోకి దిగిపోయిందనీ, బురద గుంట కొలనైపోయిందనీ. ఆ మహిమలు పక్కన పెట్టండి. కాల్చడం, పగలగొట్టడం, బురదలో తొక్కడం, ఈ మూడూ మనకు కొత్తవా? మన నాయకుల విగ్రహాలకు జరిగేవి ఇవే కదా. ఆ దంతం గురించి కాకపోయినా, ధమ్మం గురించి కవి నిజమే చెప్పాడని నాకనిపిస్తుంది. చివరికి పాండు రాజు కూడా మారి, ధాతువును గౌరవించి, గుహశివునితో తిరిగి దంతపురానికి పంపాడు. ఈ మధ్యలో ఖీరధారుడు అనే ఇంకో రాజు దాని కోసం దండెత్తి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు హేమమాల దగ్గరికి వద్దాం. ఉజ్జేని రాజకుమారుడు ఒకడు ధాతువందన కోసం దంతపురం వచ్చాడు. గుహశివునికి అతను నచ్చాడు. కూతురినిచ్చి పెళ్లి చేసి, ధాతువును కాపాడే బాధ్యత అతనికే అప్పగించాడు. అప్పటి నుంచి అతనికి దంతకుమారుడనే పేరు. సంబంధం ఎట్లా కుదిరిందో చూశారా? వందనకు వచ్చినవాడు అల్లుడైపోయాడు. ధాతువు ఉన్న ఇల్లు హేమమాలకు పుట్టిల్లు, అత్తిల్లు రెండూ అయింది. ఆమె చిన్నప్పుడు ఎట్లా ఉండేది, ఏం చదివింది, అన్నదమ్ములు ఉన్నారా, ఈ పుస్తకం చెప్పదు. ఆడవాళ్ల జీవితం పుస్తకాల్లో పెళ్లితోనే మొదలవుతుంది.

ఖీరధారుని మేనల్లుళ్లు సైన్యంతో దంతపురం మీదికి వచ్చారు. ఇంత పెద్ద సైన్యాన్ని నిలువరించలేనని గుహశివునికి తెలిసిపోయింది. ఆయన ఆ రాత్రి తీసుకున్న నిర్ణయం గురించి కొంచెం ఆలోచించండి. ఆయన దగ్గర సేనాపతులున్నారు, మంత్రులున్నారు, భిక్ఖువులున్నారు. ధాతువును వాళ్లెవరి చేతిలోనూ పెట్టలేదు. బిడ్డకూ అల్లునికీ ఇచ్చాడు. నేను యుద్ధంలో పడిపోతే దీన్ని తీసుకుని లంకకు పోండి, అక్కడ మహాసేన మహారాజు నాకు స్నేహితుడు, అతనికి అప్పగించండి అన్నాడు. కోట మీద ఎర్ర జెండా ఎగిరితే నేను లేనట్టు అని గుర్తు చెప్పినట్టుగా లంకలో జనం చెప్పుకుంటారు. ఆ జెండా ఎగిరింది. తండ్రి చనిపోయిన సంగతి ఆ బిడ్డకు ఎవరూ వచ్చి చెప్పలేదు, జెండా చెప్పింది. ఏడవడానికి కూడా టైము లేదు.

ఇద్దరూ బ్రాహ్మణుల వేషం వేసుకున్నారు. రాజకుమారులుగా కనబడితే ప్రాణం పోతుంది, బౌద్ధులుగా కనబడితే ధాతువు పోతుంది. ఆ రోజుల్లో ఎవరూ ఆపకుండా, ఎవరూ సంచి విప్పి చూడకుండా దేశమంతా తిరగగలిగే వేషం అదొక్కటే కాబట్టి అదే వేసుకున్నారు. ఈ ఒక్క ముక్కలో ఆనాటి సమాజం ఎట్లా ఉండేదో తెలిసిపోతుంది.

దాఠావంసంలో ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది. కవి దాన్ని తొందరగా దాటేసి పోయాడు. నేను మాత్రం చదివిన ప్రతిసారీ అక్కడే ఆగుతాను. దంతకుమారుడు మొదట ఒక్కడే బయటపడ్డాడు. ధాతువును తీసుకుని పెద్ద నది దాటి, అవతలి ఒడ్డున ఇసుకకుప్పలో పాతిపెట్టాడు. అతను అక్కడి నుంచి అటే పోవచ్చు. తను బతికున్నాడు, ధాతువు భద్రంగా ఉంది, మామ అప్పగించిన పని సగం అయిపోయింది. శత్రువులు నగరంలోకి వచ్చేస్తున్నారు. అయినా మళ్లీ నది దాటి, అదే వేషంలో, కాలుతున్న ఊళ్లోకి తిరిగి వచ్చాడు. హేమమాల కోసం. ఆమెను తీసుకుని మళ్లీ నది దాటి, ఇసుకలోంచి ధాతువును తీసి, అప్పుడు ఇద్దరూ కలిసి దారి పట్టారు.

మనం ధమ్మంలోకి ఎట్లా వస్తున్నామో ఒకసారి చూసుకుందామా? కోరుట్ల వైపు ఒక దీక్షా సభలో నేను పేర్లు రాసుకుంటూ కూర్చున్నాను. మగవాళ్లు వరుసగా వచ్చి పేర్లు రాయించారు. ఇంటావిడ రాలేదా అన్నా అంటే, ఆమెకు ఇవన్నీ తెల్వవు సార్, నేను తీసుకుంటే చాలదా అన్నాడు ఒకాయన. ఆయన మంచివాడే. ఏడాది తర్వాత వాళ్లింటికి పోతే గోడ మీద బుద్ధుడు, బాబాసాహెబ్, కింద మూలకు పసుపు కుంకుమతో పాత దేవుడు. ఆమె నాకు చాయ్ ఇచ్చి, ఆయనది ఆయనకు, నాది నాకు సార్, నన్నెవరు పిలిచిన్రు అంది. నేనేం మాట్లాడలేకపోయాను. ఆయన నది దాటాడు, ధాతువును అవతల ఒడ్డున పెట్టాడు, తిరిగి రాలేదు. తప్పు ఆయనది ఒక్కడిదే కాదు. ఆ రోజు పేర్లు రాసుకున్న నేను కూడా ఆయన్ని వెనక్కి పంపలేదు.

ఇక దారి. లంక దక్షిణాన ఉంటే వీళ్లు ఉత్తరానికి నడిచారు. తామ్రలిప్తి రేవుకు. ఇప్పటి పశ్చిమ బెంగాల్‌లో తమ్లుక్ అంటారు. శ్రీకాకుళం నుంచి అక్కడికి ఇప్పటి రోడ్డు లెక్కలో కూడా ఆరు వందల కిలోమీటర్ల పైనే. ఎందుకంత చుట్టు అంటే, లంకకు పోయే పెద్ద వర్తకపు ఓడలు అక్కడి నుంచి కదిలేవి. అశోకుని కూతురు సంఘమిత్త థేరి బోధి కొమ్మతో ఓడ ఎక్కింది కూడా ఆ రేవులోనే. కళింగంలోని రేవులు అప్పటికి శత్రువుల కంట్లో పడి ఉంటాయి కూడా.

ఆ నడకలో ధాతువు ఎక్కడుంది? హేమమాల కొప్పులో. సంచిలో పెడితే దొంగ పట్టుకుపోతాడు, నడుముకు కడితే సుంకం వసూలు చేసేవాడు తడిమి చూస్తాడు. ఆడమనిషి కొప్పు విప్పమని నలుగురిలో అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. రాజ్యాలు కొట్టుకు చచ్చిన ఆ చిన్న వస్తువు ఒక ఆడమనిషి జుట్టు ముడిలో నెలల తరబడి ప్రయాణం చేసింది. పడుకున్నప్పుడు, వాగులో మునిగినప్పుడు, ఎవరైనా వెనక నుంచి తట్టినప్పుడు ఆమె గుండె ఎట్లా కొట్టుకుందో! మన అమ్మలు పత్తి ఏరబోయేటప్పుడు బస్సు పైసలు కొంగు ముడిలో కట్టుకుంటారు కదా, దినమంతా ఆ ముడి మీదే వాళ్ల చెయ్యి ఉంటుంది. అట్లా ఊహించుకోండి.

అప్పటి ఓడలు ఎట్లా ఉండేవో తెలుసుకోవాలంటే శాతవాహనుల నాణేలు చూడాలి. తూర్పు తీరంలో దొరికిన కొన్ని సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంటుంది. ఇంజిన్ లేదు, గాలే ఆధారం. వానాకాలంలో గాలి నైరుతి నుంచి కొడుతుంది, అప్పుడు లంక వైపు పోవడం గాలికి ఎదురీదడమే. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి తిరుగుతుంది, అప్పుడు తెరచాప ఎత్తితే ఓడ నైరుతికి సాగిపోతుంది. ఆ గాలి కోసం రేవులో నెలలు కూర్చోవాలి. వీళ్ల తర్వాత చాలా ఏళ్లకు చైనా భిక్ఖువు ఫాహియాన్ అదే తామ్రలిప్తిలో చలికాలపు గాలికి వర్తకపు ఓడ ఎక్కాడు. పగలూ రాత్రీ నడిస్తే పద్నాలుగు రోజులకు లంక చేరానని రాసిపెట్టాడు. కాబట్టి హేమమాల దంపతుల ప్రయాణం కూడా గాలి బాగుంటే రెండు వారాలు. చుట్టూ నీళ్లు. కళింగంలో తండ్రి శవానికి ఎవరు ఏం చేశారో తెలియదు. ముందు ఏ దేశమో తెలియదు.

నడిసముద్రంలో నాగులు ధాతువు కోసం అలలు లేపారని, ఒక అరహంతుడు కాపాడాడని కావ్యం చెబుతుంది. సముద్రంలో తుపాను వచ్చిందని మనం అర్థం చేసుకుంటే సరిపోతుంది. ఈ నాగుల గురించి మాత్రం నాదొక మాట. బాబాసాహెబ్ 1956లో నాగపూర్‌లో మాట్లాడుతూ, ఈ దేశంలో బుద్ధుని ధమ్మాన్ని వ్యాపింపజేసినవాళ్లు నాగజాతి ప్రజలేనని చెప్పారు. మనకు దగ్గరలోని ధూళికట్ట స్తూపం ఫలకాల మీద పడగ విప్పిన ముచలింద నాగుడు కనిపిస్తాడు, బుద్ధునికి నీడ పట్టినవాడు. అట్లాంటి నాగులు కావ్యంలో ధాతువు దొంగలైపోయారు. వాళ్లు దొంగలు కాదేమో, ధాతువు మా దగ్గరే ఉండాలని అడిగిన జనమేమో అని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

ఓడ లంకాపట్టనం రేవులో ఆగింది. దిగారు. అక్కడి నుంచి అనురాధపురం చేరారు. తండ్రి చెప్పిన మహాసేన రాజు కోసం అడిగితే, ఆయన చనిపోయాడని తెలిసింది! దుబాయి పోయిన మనోళ్లను అడగండి, ఆ క్షణం ఎట్లా ఉంటుందో చెబుతారు. ఎవరిని నమ్ముకుని వచ్చామో ఆ మనిషి లేడు. ఇక్కడి నుంచి పంపినవాడు ఫోనెత్తడు, అక్కడ తీసుకుపోవాల్సినవాడు రాడు, చేతిలో పాస్‌పోర్టు, జేబులో నాలుగు రూపాయలు. వీళ్లకు తిరిగి పోదామన్నా ఊరు లేదు.

అప్పుడు లంకను పాలిస్తున్నది మహాసేనుని కొడుకు కిత్తిసిరిమేఘుడు. తండ్రి మహావిహారాన్ని పాడుబెట్టి అభయగిరి పక్షం వహించాడు, మిన్నేరియా చెరువు తవ్వించాడు, జేతవన స్తూపం మొదలుపెట్టాడు. కొడుకు తండ్రి పడగొట్టినదాన్ని మళ్లీ నిలబెట్టాడు. అంటే సంఘం అప్పటికే రెండుగా చీలి ఉంది. తెలియని దేశంలో, చీలిపోయిన సంఘంలో, ఎవరి తలుపు తట్టాలి? వాళ్లు నేరుగా రాజు దగ్గరికి పోలేదు. మేఘగిరి విహారంలో ఒక థేరుని దగ్గరికి పోయి సంగతి చెప్పారు. థేరుడు రాజుకు కబురు పంపాడు. రాజు భార్యతో కలిసి వచ్చాడు. కొప్పు విప్పి ధాతువును బయటికి తీసి అప్పగించారు. ఆ రాజు పాలనలో అది తొమ్మిదో ఏడు. దేవానంపియతిస్సుడు కట్టించిన ధమ్మచక్క భవనంలో ధాతువును ఉంచి, ప్రతి ఏటా అభయగిరికి ఊరేగింపు చేయాలని రాజు నియమం పెట్టాడు. ఫాహియాన్ పోయినప్పుడు ఆ ఊరేగింపును కళ్లారా చూశాడు. పది రోజుల ముందే ఏనుగు మీద ఒకడు డప్పు కొట్టి చాటింపు వేసేవాడట. ఇదే రాజు సముద్రగుప్తుని అనుమతితో బోధగయలో లంక భిక్ఖువుల కోసం విహారం కట్టించాడని చైనా గ్రంథాలు చెబుతాయి.

ఇక్కడ ఒక బాధ కలిగించే సంగతి ఉంది. లంక రాజుల చరిత్ర చెప్పే చూళవంశం ఈ ఘటనను రాసింది. కళింగం నుంచి దంతధాతువును ఒక బ్రాహ్మణ స్త్రీ తెచ్చిందని మాత్రమే రాసింది. అంతే! హేమమాల పేరు లేదు. గుహశివుని పేరు లేదు. ప్రాణం కాపాడుకోవడానికి వేసుకున్న వేషమే చరిత్రలో ఆమె పేరైపోయింది. ధాతువును కొప్పులోంచి తీసింది గానీ, తన మీది వేషం మాత్రం పుస్తకంలోంచి పోలేదు. దాఠావంసం పేరు చెబితే గానీ ఆమె మనకు దక్కలేదు.

మీలో ఎంతమంది వేషంలో ఉన్నారో నాకు తెలుసు. నేనూ ఉన్నాను. చదువుకునే రోజుల్లో ఒక పట్నంలో గది అద్దెకు అడిగితే, ఇంటాయన మీరేమిట్లు బాబూ అన్నాడు. నేను ఇంకో కులం పేరు చెప్పాను. ఆరు నెలలున్నాను ఆ గదిలో. పెట్టెలో బాబాసాహెబ్ ఫోటో బట్టల అడుగున ఉండేది. ఆ ఇంటి కాగితాల్లో నేను ఇప్పటికీ ఆ కులమే అయి ఉంటాను. అవసరానికి వేసుకున్న వేషానికి నేనెవరినీ తప్పు పట్టను. హేమమాలనే తప్పు పట్టలేదు కదా. అయితే ఓడ దిగిన తర్వాత కూడా వేషం తీయకపోతే రాసేవాడు దాన్నే రాసుకుంటాడు. చాలామంది బౌద్ధం అని రాయిస్తే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందని భయపడుతున్నారు. 1990లోనే పార్లమెంటు చట్టం చేసి, బౌద్ధం స్వీకరించిన షెడ్యూల్డ్ కులాలవాళ్లకు ఎస్సీ హోదా అట్లాగే ఉంటుందని చెప్పింది. జనగణనవాళ్లు గడపలోకి వచ్చినప్పుడు మతం దగ్గర ఏం రాస్తున్నారో ఒకసారి తొంగి చూడండి. మీరు చెప్పకముందే రాసేసుకుని ఉంటారు.

ఓడ ఎక్కిన దంపతుల గురించి చెబుతున్నాను గనక, ఓడ ఎక్కని ఒక భార్య గురించి కూడా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1913లో బాబాసాహెబ్ అమెరికాకు ఓడ ఎక్కారు. 1920లో మళ్లీ లండన్‌కు. రెండుసార్లూ రమాబాయి బొంబాయిలోనే ఉండిపోయింది. పేదరికం, పిల్లల చావులు, అన్నీ ఆమె ఒక్కతే మోసింది. బాబాసాహెబ్ చదువు వెనక ఆమె ఉపవాసాలున్నాయి. ఆమె 1935లో కన్నుమూసింది, ధమ్మదీక్ష చూడలేదు. మన ఇళ్లల్లో చాట ముందు కూర్చున్న అక్కలందరూ నాకు రమాబాయిలాగే కనబడతారు.

1950 మే నెలలో బాబాసాహెబ్ సవితా అంబేడ్కర్‌తో కలిసి లంకకు పోయారు. ప్రపంచ బౌద్ధుల సహకార సంఘం మొదటి సమావేశం అక్కడే జరిగింది. ఆ సంఘం పుట్టింది క్యాండీలో, హేమమాల తెచ్చిన ధాతువు ఇప్పుడున్న దళదా మాళిగావలో. భారతదేశంలో బౌద్ధం ఎట్లా పెరిగింది, ఎట్లా తగ్గింది అని ఆయన లంకలో మాట్లాడారు. కళింగం నుంచి ఒక జంట ధాతువును దాచుకుని పారిపోయిన దేశానికి, ఇంకో జంట ధమ్మాన్ని మళ్లీ ఇంటికి ఎట్లా తీసుకుపోవాలో చూడటానికి పోయింది. ఆరేళ్ల తర్వాత, 1956 అక్టోబరు 14న, నాగపూర్‌లో చంద్రమణి మహాథేరుని ముందు భార్యాభర్తలిద్దరూ పక్కపక్కనే నిలబడి త్రిశరణ పంచశీలలు తీసుకున్నారు. ఆయన ఒక్కరే తీసుకుని ఇంటికి వచ్చి చెప్పలేదు.

హేమమాల, దంతకుమారుల ముసలితనం ఎట్లా గడిచిందో, పిల్లలు పుట్టారో లేదో దాఠావంసం పట్టించుకోలేదు. ధాతువు చేతులు మారగానే కవి ధాతువు వెంటే పోయాడు. లంక జనం మాత్రం వాళ్లను వదల్లేదు. కొలంబో పక్కన కెలనియా విహారం ఉంది. గత శతాబ్దంలో సోలియస్ మెండిస్ అనే చిత్రకారుడు దాని గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశాడు. వాటిలో ఈ ఇద్దరి బొమ్మే లంకలో అందరికీ బాగా తెలిసింది. బడి పుస్తకాల్లోనూ, క్యాలెండర్ల మీదా అదే కనిపిస్తుంది. మన ఊరి పిల్ల ఎవరైనా లంక పనికి పోతే, సెలవు రోజు ఆ గోడ ముందు నిలబడి చూడమని చెప్పండి. అందులో ఆమె ఒక్కతే లేదు, అతనొక్కడే లేడు. ఇద్దరూ ఉన్నారు.